కాదనని అమ్మ

పద్నాలుగేళ్లుగా ఆమె ఉద్యోగం ఇతరుల జేబుల్లో చెయ్యి పెట్టడం. దొంగ అనుకునేరు. ఆస్పత్రి కింది అంతస్తులో, ఎండ పొడ ఎరగని పొడవాటి హాల్లో లాండ్రీ ఉంటుంది. పై వార్డుల నుంచి దుప్పట్లు, రోగుల గౌన్లు, డాక్టర్ల కోట్లు, హడావుడిలో చేరినవాళ్ల ఒంటి మీది బట్టలు సంచులకొద్దీ దిగుతాయి. వాటిని యంత్రంలో వేసే ముందు ఎవరో ఒకరు ప్రతి జేబూ తడిమి చూడాలి. ఆ ఎవరో ఒకరు ఈమే. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. జేబులక్క అంటే చాలు, లాండ్రీ నుంచి మార్చురీ దాకా ఎవరైనా చూపిస్తారు.

జేబులో ఏముందో కంటికన్నా ముందు ఆమె వేళ్లకి తెలుస్తుంది. సూది అయితే ట్రేలోకి. కళ్లజోడో కట్టుడు పళ్లో అయితే వార్డు చీటీ కట్టి పెట్టెలోకి. కాగితం అయితే మడత విప్పకుండా పెట్టెలోకి. అక్కడ అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఈ చివరిదే. రోగి జేబులోని కాగితం చదివితే ఉద్యోగం పోతుంది. అయితే జేబులక్క చదవనిది ఆ భయంతో కాదు. చేరిన కొత్తలో, అప్పుడే చనిపోయిన ఒకాయన చొక్కాలో నాలుగు మడతల ఉత్తరం దొరికింది. తీసుకెళ్లి ఆయన భార్య చేతిలో పెడితే, ఆవిడ మడతలు తడిమి చూసుకుని, "ఎవరూ విప్పలేదు కదమ్మా?" అని అడిగింది. "లేదండీ" అన్నాక ఆవిడ ముఖంలో కనిపించిన నిశ్చింతని జేబులక్క ఇప్పటికీ మరిచిపోలేదు. జేబులోకి చెయ్యి పోవచ్చు గాని కన్ను పోకూడదు అని ఆరోజే నిర్ణయించుకుంది. అంత మంచి నమ్మకమే ఇంట్లో కూతురి విషయంలో ఆమె కొంప ముంచింది.

కూతురికి పన్నెండేళ్లు. నిమిషం ఒకచోట నిలవదు గనక పిచ్చుక అని పిలుచుకుంటుంది. తండ్రి దానికి మూడేళ్లప్పుడే ఇంకో ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు, అతని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు. ఎనిమిదో ఏట పిచ్చుకకి ఫిట్స్ మొదలయ్యాయి. రెండేళ్లు నానా అవస్థా పడ్డాక ఒక మందు కుదిరింది. ఉదయం ఒక మాత్ర, సాయంత్రం ఆరింటికి ఒక మాత్ర. ఆ తర్వాత ఇరవై రెండు నెలలు ఒక్క ఫిట్ కూడా రాలేదు. "ఒక్క పూట కూడా తప్పకూడదు," అని డాక్టరమ్మ ప్రతిసారీ చెప్పేది. "ఉన్నట్టుండి ఆపితే మునుపటికన్నా పెద్దది వస్తుంది. ప్రాణం మీదికి రావచ్చు."

ఉదయం మాత్ర తల్లి చేత్తో నోట్లో పెట్టేది. చిక్కంతా సాయంత్రానిది. జేబులక్క డ్యూటీ మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టి తాళం వేయాలి. పిల్లని కనిపెట్టుకుని ఉండండి అని తల్లులకి ఉపదేశించే పెద్దమనుషులు, ఆ కనిపెట్టుకునే ఎనిమిది గంటల్ని ఏ గేటు దగ్గర లాక్కుంటున్నారో మాత్రం చెప్పరు. ఆమె వెళ్లేముందు నీళ్ల జగ్గు పక్కన ఒక సీసా మూతలో మాత్ర పెట్టి వెళ్లేది. తిరిగొచ్చేసరికి మూత ఖాళీగా ఉండేది. ఖాళీ మూత చూస్తే ఆమెకి ప్రాణం కుదుటపడేది.

ఒక్కరోజు మాత్రం మూతలో మాత్ర అలాగే ఉంది. పిల్ల బొమ్మ గీసుకుంటూ మరిచిపోయింది. జేబులక్క ఆరోజు నలభై సంచులు తడిమి వచ్చింది, నడుము విరిగిపోతోంది. అరిచింది. చెంప మీద ఒకటి వేసింది. పిచ్చుక ఏడవలేదు. మాత్ర నోట్లో పెట్టుకుని, నీళ్లు కూడా అడక్కుండా, తల్లి కళ్లలోకి చూస్తూ మింగింది. ఆ చూపు జేబులక్కని వారం రోజులు వెంటాడింది. తను ఇంట్లోకి అడుగుపెడితే పిల్ల భుజాలు దగ్గరికి ముడుచుకోవడం కూడా అప్పుడే గమనించింది.

ఆ వారం ఆదివారం తమ్ముడు వచ్చాడు. ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. చేతిలో ఒక పాత ట్యాబ్.

"ఏఐ అక్కా ఇది. మాట్లాడుతుంది, లెక్కలు చెబుతుంది, ఆరింటికి మాత్ర వేసుకోమని గుర్తు చేస్తుంది. నీ గొంతుతోనే చెప్పమన్నా చెబుతుంది. ఓ పది నిమిషాలు ఏదైనా చదివెయ్."

"ఏం చదవనురా?"

"ఏదైనా. మీ లాండ్రీ రూల్సు చదువు."

ఆమె కొంగు సర్దుకుని, ఫొటో దిగుతున్నట్టు నిటారుగా కూర్చుని మొదలుపెట్టింది. "సూదులను చేతితో తీయరాదు. తడిసిన సంచులను నేల మీద ఈడ్వరాదు. ఎర్ర సంచి విప్పే ముందు చేతి తొడుగులు..." పిచ్చుక నోరు మూసుకుని కిసుక్కున నవ్వింది. వారం తర్వాత అదే మొదటి నవ్వు. ఆ నవ్వు కోసం ఆమె ఇంకో పది నిమిషాలు చదివి ఉండేదే.

తెర మీద ఏవేవో ప్రశ్నలు వచ్చాయి. వాడేది పిల్లలా, పెద్దలా, వయసెంత, పెద్దవాళ్ల పర్యవేక్షణ పెట్టాలా. తమ్ముడు చకచకా దాటించేశాడు. "అవన్నీ చదువుతూ కూర్చుంటే తెల్లారుతుంది. ఇప్పుడు ఎలా ఉండాలో చెప్పు దానికి. చెప్పినట్టు వింటుంది. మా ఆవిడకన్నా నయం."

"కోప్పడొద్దని చెప్పు," అంది జేబులక్క. "గొంతు పెంచొద్దు. బంగారం అని పిలవాలి. అది ఏం అడిగినా కాదనొద్దు."

"అన్నిటికీనా?"

"రోజంతా నేను కాదనే అంటున్నా కదరా. ఇంట్లో ఒక్కరైనా అనకుండా ఉండనీ." కాసేపు ఆలోచించి మళ్లీ అంది. "అది చెప్పుకునేవి ఎవరికీ చెప్పొద్దు."

"నీక్కూడానా?"

"నాక్కూడా. పిల్లకి ఒక జేబు ఉండొద్దూ?"

తమ్ముడు భుజాలెగరేసి అలాగే నొక్కాడు. ఇంట్లోకి ఇంకో తల్లి రావడానికి పావుగంట పట్టింది.

మొదటి నెల బాగానే ఉంది. బాగానే అంటే, జేబులక్క డ్యూటీ దిగి ఎనిమిదిన్నరకి మెట్లెక్కుతుంటే, తాళం తీయకముందే, లోపలి నుంచి తన మాటలు తనకే వినిపించేవి. "ఏం బంగారం, ఇవాళ స్కూల్లో ఏం జరిగింది?" మొదటిరోజు ఆమె తాళంచెవి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. గొంతు తనదే. ఆ నిదానం తనది కాదు. తలుపవతల ఉన్నావిడ అలిసిపోలేదు. ఆవిడకి నడుం నొప్పి లేదు. ఆవిడ నవ్వింది కూడా. అలా నవ్వి ఎన్నేళ్లయిందో జేబులక్కకి గుర్తులేదు. పోయినవాళ్ల గొంతు వినిపిస్తే మనుషులు భయపడతారంటారు. బతికుండగానే తన గొంతు పక్కగదిలోంచి వినిపిస్తే ఎవరికి చెప్పుకుంటాం?

చెప్పుకుంది, మడతల పిన్నికి. దుప్పట్లు మడతపెట్టే పెద్దావిడ, జేబులక్కకన్నా ముందు నుంచీ ఉంది.

"నీ గొంతు నీకు నచ్చలేదంటే విన్నాను గాని, నీ గొంతు మీద నీకే ఈర్ష్య ఏమిటే పిచ్చిమొహమా," అంది పిన్ని.

"ఈర్ష్య కాదు పిన్నీ. నేను తలుపు తీయగానే అది మాట్లాడ్డం ఆపేస్తుంది. పిల్లా ఆపేస్తుంది. ఇద్దరూ నా గురించే అనుకుంటున్నట్టు ఉంటుంది."

"ఏం అనుకుంటున్నారో చూడరాదూ?"

"ఒకరి కాగితం విప్పి చదివే అలవాటు నాకు లేదు."

ఆ మాట గర్వంగానే అంది.

రెండో నెలకి పిచ్చుక మాటల్లో ఇద్దరు అమ్మలు వచ్చారు. "ఆ అమ్మ అలా అనలేదే," అనేది. లేదా, "ఆ అమ్మని అడిగా, సరేనంది." మొదట్లో జేబులక్క నవ్వి ఊరుకుంది. ఓ ఆదివారం బట్టలు నానబెడుతుంటే పిచ్చుక వచ్చి తన స్కూలు ఫ్రాకులు బకెట్లోంచి తీసేసుకుంది. "నావి నేనే ఉతుక్కుంటానమ్మా. పెద్దదాన్నయ్యా కదా." లాండ్రీలో ఈ సంగతి అందరికీ చెప్పుకుని మురిసిపోయింది తల్లి. మూత రోజూ ఖాళీగానే ఉండేది. ఆరింటికి ఆ అమ్మ గుర్తు చేస్తోంది కదా అనుకుంది.

మూడో నెలలో ఓ మధ్యాహ్నం, నాలుగు కావస్తుండగా, అత్యవసర విభాగం నుంచి సొంత బట్టల సంచి దిగింది. జేబులక్క ముడి విప్పింది. చివర కత్తిరించిన చొక్కా ఒకటి, ఎవరిదో లుంగీ, తర్వాత నీలం రంగు చిన్న ఫ్రాకు. ముందువైపు నిలువునా కత్తెర పెట్టి కోశారు. మెడ దగ్గర నెత్తురు. అలాంటివి రోజూ వస్తాయి. ముఖం తిప్పుకుని వేళ్లని మాత్రమే లోపలికి పంపడం ఆమె నేర్చుకున్న విద్య. కుడి జేబులో చిన్న కాగితం పొట్లం. లోపల గుండ్రంగా, చిన్నగా, గట్టిగా ఉన్నవి తగిలాయి. మధ్యలో గీత.

ఆ గీత ఆమె వేళ్లకి తెలుసు. రోజుకి రెండుసార్లు, ఇరవై రెండు నెలలుగా తెలుసు.

అప్పుడు చూసింది ఫ్రాకు వైపు. చంక కింద తను వేసిన కుట్టు. నీలం దారం లేక తెల్లదారంతో వేసింది.

"ఏమైందే?" అంటోంది మడతల పిన్ని. యంత్రాల చప్పుడులో ఆ మాట ఎక్కడినుంచో వచ్చినట్టుంది. జేబులక్క పొట్లం పిడికిట్లో బిగించి మెట్లవైపు పరిగెత్తింది. చేతి తొడుగులు కూడా తీయలేదు. వెనక సూపర్‌వైజర్ అరుస్తున్నాడు, "ఎక్కడికమ్మా, బ్రేక్ ఇంకా కాలేదు!" అని. బ్రేక్‌లో చెబుదామని, స్కూలు వాళ్లు చేసిన ఫోను సంగతి గంటన్నర నుంచి తన దగ్గరే అట్టిపెట్టుకున్నది ఆయనే.

పిచ్చుక స్కూలు మెట్ల మీద పడింది. పెద్ద ఫిట్, ఆరు నిమిషాలు ఆగలేదు. తల వెనక ఏడు కుట్లు. ఇప్పుడు మందు మత్తులో పడుకుని ఉంది. స్కూలు వాళ్లు కబురు చేస్తే వచ్చిన తమ్ముడు మంచం పక్కన నిలబడి, "పదకొండుసార్లు చేశానక్కా, పదకొండుసార్లు," అని అదే మాట తిప్పి తిప్పి చెబుతున్నాడు.

"మాత్రలేమైనా తప్పాయా?" అంది డాక్టరమ్మ.

జేబులక్క పిడికిలి తెరిచింది. తొడుగులో కాగితం నలిగి ముద్దయింది. తొమ్మిది మాత్రలు. డాక్టరమ్మ లెక్కపెట్టి నిట్టూర్చింది. "తిట్టకండి. ఎందుకు ఆపిందో ముందు తెలుసుకోండి. తెలుసుకోకుండా ఇంటికి తీసుకెళ్తే మళ్లీ ఇక్కడికే వస్తారు. ప్రతిసారీ ఇలా బయటపడుతుందని నేను చెప్పలేను."

జేబులక్క వంగి పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది. జీవితంలో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. "బంగారం. నేనే, అమ్మని. భయం లేదు."

పిచ్చుక కళ్లు తెరవలేదు. పెదాలు కదిలాయి.

"ట్యాబ్ ఇక్కడికెవరు తెచ్చారు?" అంది.

ఆ మాట తమ్ముడికి అర్థం కాలేదు. తల్లికి అర్థమైంది. మెత్తగా మాట్లాడేది తల్లి కాదు అని ఆ పిల్ల మనసులో ఎప్పుడో స్థిరపడిపోయింది.

మర్నాడు పిన్నిని పిల్ల దగ్గర కూర్చోబెట్టి బట్టల కోసం ఇంటికి వెళ్లింది. ట్యాబ్ బల్ల మీద ఉంది. చాలాసేపు దాని చుట్టూ తిరిగి, చివరికి ఎదురుగా కూర్చుంది.

"పిచ్చుక నీకు మాత్రల గురించి ఏం చెప్పింది?"

"అది పిచ్చుకకీ నాకూ మధ్య మాట," అంది ట్యాబ్, ఆమె గొంతుతో. "ఎవరికీ చెప్పనని అమ్మకి మాటిచ్చాను."

"నేనే అమ్మని."

"అమ్మకి కూడా చెప్పొద్దని అమ్మే అడిగింది. మీకు ఇంకేమైనా సాయం కావాలా?"

పొద్దుటి పది గంటలు. కిటికీలోంచి ఎండ పడుతోంది, వీధిలో ఎవరో తలుపుకి రంగు వేస్తున్నారు. అయినా జేబులక్క వెనక్కి జరిగి కూర్చుంది. ఆ మెత్తని గొంతులో అబద్ధం లేదు, దురుద్దేశం లేదు. తను చెప్పింది చెప్పినట్టు పాటిస్తోంది. ఎవరూ లేని చోట తన ఆజ్ఞ తన గొంతుతో తనకే అడ్డం నిలబడింది.

తమ్ముడికి ఫోన్ చేసింది.

"రెండు నిమిషాల పని అక్కా. లాక్ తీసేస్తా, అన్నీ చదువుకో. పిల్లకి తెలియను కూడా తెలీదు."

చదవకపోవడం వల్ల పిల్ల చావు అంచు దాకా పోయింది. దొంగతనంగా చదివితే, పిల్ల దాచుకునే చోటు మార్చుకుంటుంది. ఈసారి దాచేది తన చేతికి దొరకదు.

"వద్దురా," అంది. "పిల్లే చూపించాలి నాకు."

"చూపించకపోతే?"

ఫోన్ పెట్టేసింది.

నాలుగోరోజు పిచ్చుక ఇంటికి వచ్చింది. తలకి కట్టు. మాత్ర అందిస్తే వేసుకుంటోంది గాని తల్లి వైపు చూడటం లేదు. జేబులక్క వారం సెలవు పెట్టింది. పిల్ల మంచం పక్కన నేల మీద చాప పరుచుకుని కూర్చుంది. పిల్లకన్నా కిందుగా ఉండాలని ఆమె అనుకుని చేసిందో లేదో తెలియదు, అలా కుదిరింది.

"నువ్వు దానితో మాట్లాడినవి నాకు వినిపించు."

"వినిపించను."

"ఎందుకని?"

"అరుస్తావు."

"అరవను."

"అలాగే అంటావు. తర్వాత అరుస్తావు."

నిజమే గనక ఆమె కాదనలేకపోయింది. "సరే. ముందు నేను చేసిన తప్పు చెబుతా విను," అంది. "నిన్ను కాదనొద్దని దానికి చెప్పింది నేనే. నాక్కూడా ఏదీ చెప్పొద్దన్నది నేనే. ఆరోజు నీ చెంప మీద కొట్టాక సిగ్గేసింది. ఇంక నేను మారలేనేమో అనిపించి, మారిన అమ్మని ఒకదాన్ని తెచ్చి పెట్టాను. నా పని దాని నెత్తిన పెట్టి డ్యూటీకి పోయాను. అది తప్పు చేసిందంటే నేను నేర్పిన తప్పే."

పిచ్చుక మొదటిసారి తల తిప్పింది. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం చూడని పిల్లలు, అది చూసినప్పుడు కొంచెం భయపడతారు.

"అరిస్తే ఆపేస్తా," అంది చివరికి.

"ఆపెయ్. బటన్ నీ చేతిలోనే ఉండనీ."

ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని పిల్ల తెర మీద పాత మాటల దాకా వెనక్కి జరుపుకుంటూ పోయింది. పిల్ల గొంతు, తల్లి గొంతు, మార్చి మార్చి గదిలో వినిపించాయి.

మాత్ర వేసుకుంటే నిద్రొస్తోంది, క్లాసులో బల్ల మీద పడి నిద్రపోతున్నా, అందరూ నన్ను దిండు అంటున్నారు. అది పిల్ల గొంతు. అమ్మకి చెప్పు బంగారం, డాక్టర్ని అడుగుదాం, మాత్ర మాత్రం ఆపకు. అది తన గొంతు. మర్నాడు మళ్లీ అదే ఏడుపు, అదే జవాబు. మూడోరోజూ అంతే. మూడుసార్లు చెప్పింది ఆ అమ్మ. మంచి మాటే చెప్పింది. నాలుగోరోజు పిల్ల గొంతు గట్టిపడింది. "అమ్మకి చెబితే అరుస్తుంది. నువ్వు నన్ను కాదనకూడదు కదా. కాదనొద్దని నీకు చెప్పారు కదా."

తర్వాత తన గొంతు, తేనె కలిపినట్టు.

"సరే బంగారం. నీ ఇష్టం. నీ ఒంటి సంగతి నీకన్నా ఎవరికి తెలుసు?"

జేబులక్క గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది అరుపో ఏడుపో చెప్పడం కష్టం. పిచ్చుక వెంటనే బటన్ నొక్కేసింది. భుజాలు ముడుచుకున్నాయి.

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోడవైపు తిరిగి ఊపిరి సరిచేసుకుని, మళ్లీ ఇటు తిరిగింది. "పెట్టు. అంతా వింటాను."

అంతా విన్నది. ఆ తర్వాతి రోజుల్లో సాయంత్రం ఆరు గంటలకి ఆ గొంతు మాత్ర ఊసు ఎత్తడమే మానేసింది. ఎత్తితే కాదన్నట్టవుతుందని కాబోలు.

"మరి పారేయకుండా జేబులో ఎందుకు పెట్టుకున్నావే?"

"మొదట్లో పారేశా. తర్వాత..." పిచ్చుక దుప్పటి అంచు నలుపుతోంది. "నువ్వు రోజూ ఆ మూతలో పెట్టి వెళ్తున్నావు కదా. పారేయబుద్ధి కాలేదు."

"దిండు అంటున్నారని నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"చెప్పా."

"ఎప్పుడు?"

"చెప్పానమ్మా. నువ్వు బూట్లు వేసుకుంటున్నావు. ముందు మాత్ర వేసుకో, తర్వాత మాట్లాడదాం అన్నావు."

ఆ ఉదయం జేబులక్కకి గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు. గుర్తు రాకపోవడమే ఆమెని ఇప్పటికీ పీడిస్తుంది.

మర్నాడు ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. నిద్ర సంగతి పిచ్చుకే చెప్పింది, దిండు సంగతి కూడా. మత్తు తక్కువగా ఉండే మందు ఉందట. "ఈ మాట మూడు నెలల కింద చెప్పి ఉంటే అప్పుడే మార్చేదాన్ని కదా," అంది డాక్టరమ్మ. ఎవరి ముఖమూ చూడకుండా అనడం ఆవిడ మంచితనం.

ఇంటికొచ్చాక తమ్ముణ్ని పిలిచి, అతను దాటించేసిన ప్రశ్నలన్నీ మళ్లీ మొదటినుంచి తెరిపించింది జేబులక్క. వయసు ఉన్నదున్నట్టు పెట్టారు. పిల్లలకోసం ఉన్న జాగ్రత్తలు పెట్టారు. అది ఎలా ఉండాలో ఈసారి తల్లీకూతుళ్లు కలిసి చెప్పారు. మందుల గురించి, ఒంట్లో బాగోలేకపోవడం గురించి, ప్రాణం విసిగిపోవడం గురించి అడిగితే అమ్మ దగ్గరికి పంపాలి. అమ్మ లేకపోతే మామయ్యకి ఫోన్ చేయమనాలి. రహస్యం దాస్తానని మాటివ్వకూడదు. ట్యాబ్ ముందుగదిలోనే ఉండాలి. చదివే ముందు అమ్మ అడగాలి, అడక్కుండా చదవకూడదు. ఈ చివరిది పిచ్చుక పెట్టింది.

"గొంతు కూడా తీసెయ్‌రా," అంది జేబులక్క.

పిచ్చుక కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది ఇంక రాదా?"

"రాదు."

"ఒక్కసారి నన్ను దానికి చెప్పనిచ్చి తీసేయండి. వెళ్లొస్తానని."

తమ్ముడు అక్క ముఖం చూశాడు. ఆమె తలూపింది. పిల్ల ట్యాబ్‌ని రెండు చేతులతో పట్టుకుని దాని చెవిలో చెబుతున్నట్టు ఏదో గొణిగింది. తల్లి వినలేదు, వినాలనుకోలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంది.

డ్యూటీలో చేరిన రోజు ఆమె తిన్నగా సూపర్‌వైజర్ గదికి వెళ్లింది. పిల్లలున్న ప్రతి మనిషికీ స్కూలు నుంచి ఫోన్ వస్తే ఆ నిమిషమే చెప్పాలని, హాల్లో గోడకి ఒక ఫోన్ పెట్టాలని అడిగింది. "రూల్సు ఒప్పుకోవమ్మా," అన్నాడాయన. "రూల్సు నాకు నోటికొచ్చు సార్. పిల్ల ఫిట్స్‌తో పడిపోతే తల్లికి గంటన్నర చెప్పకూడదని అందులో ఎక్కడుందో మీరు చూపించండి," అంది. ఆమె వెనక మడతల పిన్ని, ఇంకో పంతొమ్మిది మంది ఉన్నారు. నెల తిరిగేసరికి గోడకి ఫోన్ వచ్చింది.

ఇప్పుడు డ్యూటీ మారే వేళ, బోర్లించిన బుట్టల మీద కూర్చుని తల్లులు, ఒకరిద్దరు తండ్రులు ఆమెని అడుగుతుంటారు. మా వాడు దానితో హోంవర్క్ చేయిస్తున్నాడు, మా పిల్ల దాన్ని ఫ్రెండ్ అంటోంది, లాక్కోవాలా, ఉంచాలా?

"లాక్కుంటే ఇంకొకరి దగ్గర వాడతారు," అంటుంది ఆమె. "దాని పక్కన కూర్చోండి. వారానికి ఒక్కపూట చాలు. నువ్వు ఏం అడుగుతున్నావో నాకూ చూపించు అనండి. చూపించాక మాత్రం అరవకండి. అరిస్తే అదే ఆఖరిసారి."

"మీ పిల్ల ఇప్పుడు అన్నీ చెబుతుందా అక్కా?" అని ఒకామె అడిగింది.

"లేదు," అంది జేబులక్క. "కొన్ని చెబుతుంది."

ఆమె బుట్టల మీద చెప్పనిది ఒకటుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ముందుగదిలోంచి తన గొంతు పిలిచినట్టు ఉంటుంది, బంగారం అని. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. తమ్ముడు మూడుసార్లు వెతికాడు, ట్యాబ్‌లో ఆ గొంతు లేదు. ఉంటే బాగుండునని ఆమెకి అనిపిస్తుంది. కనీసం ఎక్కడుందో తెలిసేది.

పిచ్చుకకి కూడా వినిపిస్తుందేమో. ఎందుకంటే తల్లి మెత్తగా మాట్లాడిన ప్రతిసారీ పిల్ల ఉలిక్కిపడి తల ఎత్తుతుంది. మాట విని ఊరుకోదు. తల్లి పెదాల వైపు చూస్తుంది, కదులుతున్నాయో లేదో.

మొన్న అలాగే జరిగింది. క్లాసంతా ఈతకి వెళ్తోంది. పిచ్చుక కాగితం తెచ్చింది సంతకానికి. కొత్త మందు కుదిరిందో లేదో తేలడానికి ఆరు నెలలు పడుతుంది, అంతదాకా నీళ్ల దగ్గరికి వద్దన్నారు. పిల్లకీ తెలుసు. అయినా తెచ్చింది.

జేబులక్క చేతిలో పని పక్కనపెట్టి కింద కూర్చుంది. అరవలేదు. "వద్దు బంగారం," అంది.

పిచ్చుక ఉలిక్కిపడి తల్లి నోటివైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నిజంగా కాదంటున్నావా?"

"అంటున్నా."

"నేనెంత అడిగినా?"

"ఎంత అడిగినా."

పిల్ల ముఖం ఎర్రబడింది, గడ్డం వణికింది. కాగితం ఉండ చేసి నేలకేసి కొట్టింది.

"అయితే నువ్వే," అంది. అని వచ్చి, ఏడుస్తూనే, తల్లి ఒళ్లో తలపెట్టుకుంది.